పోటు ఉన్న ఆట

మామ పోయాడన్న కబురు సెల్వం ఫోన్లో చెప్పాడు. చెప్పి, వెంటనే, "భయ్యా, గద్ద ఆట రెండో భాగం వచ్చింది. మామ ఉంటే ఏమనేవాడో" అన్నాడు. చావుకబురు వెనకాలే ఆట కబురేమిటని ఎవరైనా తిట్టుకోవచ్చు. నేను తిట్టుకోలేదు. నాకూ ముందు తోచింది అదే.

పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ చేపల రేవుకి దిగే వాలులో, నాకొక ఆటల దుకాణం ఉండేది. ఆటలంటే కంప్యూటర్ ఆటలు. నాలుగు మెషీన్లు. మూడు ముసలివి, ఒకటి పడుచుది. ఆ పడుచుదాని మీదే పెద్ద ఆటలు సాఫీగా నడిచేవి. కత్తి పట్టుకున్న వీరుడొకడు, వాడికొక లోకం, ఆ లోకం నిండా రాక్షసులు. కొట్టేకొద్దీ వీడికి బలం పెరుగుతుంది, బలం పెరిగేకొద్దీ ఇంకా పెద్ద రాక్షసి వస్తుంది. యాక్షన్ ఆర్పీజీ అంటారు. మా దీవుల కుర్రకారు సగం దాని మీదే బతికేది.

అప్పటికి సముద్రం కింద కేబుల్ పడలేదు. నెట్టు ఆకాశం నుంచి దిగేది. వాన పడితే అదీ దిగేది కాదు. ఆట కావాలంటే చెన్నై నుంచి ఓడ మీద హార్డ్ డిస్కులో రావాల్సిందే. ఆట మీద అభిప్రాయాలు మాత్రం ముందే వచ్చేసేవి, అక్షరాలకి బరువు లేదు కదా. అందుచేత మా దుకాణంలో ప్రతి ఆట గురించీ పోట్లాట ముందు అయిపోయేది, ఆట తర్వాత వచ్చేది. ఆట వచ్చేసరికి దాన్ని మెచ్చుకునేవాడెవడో తిట్టేవాడెవడో తేలిపోయి ఉండేది. ఇక ఆడడం ఒక లాంఛనం.

మామ మాత్రం చూడకుండా ఏ ఆట మీదా నోరు విప్పేవాడు కాదు. చూశాక మూసేవాడు కాదు.

యాభై అయిదేళ్ళుంటాయి అప్పటికి. బక్కగా, పొడుగ్గా, ఎండకీ ఉప్పుకీ కమిలిన మనిషి. శ్రీకాకుళం తీరం నుంచి చిన్నప్పుడు అమ్మ చంకన ఓడెక్కి వచ్చాడట. ఇల్లు ప్రోతరాపూర్‌లో. పొద్దున్నే బోటు దిగి, రేవులో చేపలు అమ్మేసి, మధ్యాహ్నం మూడింటి బస్సు దాకా ఖాళీ. మొదటిసారి వాన తప్పించుకోవడానికి నా గుమ్మంలో నిలబడ్డాడు. నెత్తిమీద ఖాళీ చేపల టబ్బు గొడుగులా బోర్లించుకుని ఉన్నాడు. లోపల బిశ్వాస్ ఆడుతున్నాడు. బిశ్వాస్ బెంగాలీ, ఆటో నడుపుతాడు, బేరాలు లేనప్పుడల్లా నా దగ్గరే. తెర మీద వాడి వీరుడు ఒక చెరువు గట్టున కూచుని గాలం వేశాడు.

ఈయన టబ్బు కిందనుంచే, "ఆడెవడ్రా? ఎర కట్టకుండా గేలం ఏసినాడు" అన్నాడు.

"అది ఆట మామా" అన్నాను.

"ఆటైతే మాత్రం? సేపకి తెలీదా?"

నాకు నవ్వొచ్చింది. "అయితే మీరు కూచోండి, సరిగ్గా పట్టి చూపించండి" అన్నాను. నేను వేళాకోళానికి అన్నాను. ఆయన టబ్బు బయట పెట్టి, లుంగీ పిండుకుని, వచ్చి కూచున్నాడు. మొదటి అరగంటా వీరుడి చేత గోడని గుద్దించాడు. రెండో అరగంటలో మేకని చంపి, పాపం తగులుతుందని బాధపడ్డాడు. మూడో రోజుకి చెయ్యి తిరిగింది. వారం తిరిగేసరికి బిశ్వాస్ కుర్చీ వెనక బల్ల దగ్గర ఉంది, ఈయన కుర్చీ పడుచు మెషీన్ ముందు ఉంది.

ఆయనకొక పట్టుదల ఉండేది. హిందీ ముక్క నోట్లోంచి రానిచ్చేవాడు కాదు. రాక కాదు, రేవులో చేపలు అమ్మాలంటే హిందీ రాకుండా ఎలా? అమ్మకానికి వేరే నోరు, మాటకి వేరే నోరు అనేవాడు. మా దీవుల్లో తెలుగువాళ్ళం ఒక వాక్యం తెలుగులో మొదలెట్టి హిందీలో దింపేస్తాం. ఫ్యాన్ 'వెయ్యడం' కూడా మరిచిపోయి 'చాలూ చేస్తాం'. నేనైతే బడి అంతా హిందీలోనే చదివాను. తెలుగు అమ్మతో మాట్లాడ్డానికే. రాయడం చదవడం తర్వాత కూడబలుక్కుని నేర్చుకున్నాను, కాబట్టి ఇందులో తప్పులుంటే అవి నావి.

ఆట మాటలకి కూడా తెలుగు కట్టాడాయన. తెర మీద ఎర్రగా ఉండే ప్రాణం కొలత 'ఊపిరి గీత'. వీరుడు సామాన్లు మోసే చోటు 'గోనె'. ప్రతి మజిలీ చివర వచ్చే పెద్ద రాక్షసుడు 'పెద్ద తలకాయ'. ఆడినంత వరకూ ఆటని భద్రం చేసుకోవడం 'దాపెట్టడం'. "దాపెట్టినావా?" అని ప్రతి అయిదు నిమిషాలకీ అడిగేవాడు. బోటు మనిషి కదా, దేన్నీ కట్టకుండా వదలడు.

"మరి ఇంజను తెలుగా మామా? బోటు తెలుగా?" అని సెల్వం ఒకసారి ఇరికించబోయాడు. సెల్వం తమిళుడు, ఓడరేవు ఆఫీసులో గుమాస్తా. వాడి తెలుగు సగం వాళ్ళ వీధిలో, సగం మామ దగ్గర నేర్చుకున్నది.

"సముద్రం మీద తిరిగీవాటికి బాస లేదురా. నీల మీద ఎవుడేటి పిలిస్తే అదే" అన్నాడు.

ఈ తెలుగు పట్టుదల వల్ల టీ దగ్గర ఒక చిక్కు వచ్చేది. బిశ్వాస్ ఫ్లాస్కులోంచి టీ పోస్తుంటే ఈయన "చాలు, చాలు" అనేవాడు, చ పలకని నోరు ఆ ఒక్క మాటకే పలికేది. బిశ్వాస్ చెవికి అది హిందీ చాలూ. అంటే కానివ్వు, నడిపించు. వాడు గ్లాసు నిండి, పొర్లి, మామ కాళ్ళ మీద పడేదాకా పోసేవాడు. రెండుసార్లు మామ కాళ్ళు కాలాక బిశ్వాస్‌కి ఒక సంగతి తెలిసింది: ఈయన నోట్లోంచి వస్తే అది తెలుగే. ఆ తర్వాత వాడెప్పుడూ పొరబడలేదు.

ఆటల అసలు పేర్లు నోరు తిరగని ఇంగ్లీషు. మేము గుర్తుల్ని బట్టి పిలుచుకునేవాళ్ళం. లాంతరు ఆట అంటే వీరుడి చేతిలో లాంతరు ఉండేది. బూడిద ఆట అంటే ఆకాశం, నేల, మనుషులు, దెయ్యాలు అన్నీ బూడిద రంగే. బిశ్వాస్ బూడిద ఆటకి భక్తుడు. దానంత కష్టమైన ఆట భూమ్మీద లేదనీ, కష్టం లేనిది ఆటే కాదనీ వాడి వాదం.

"ఒక్క బాస్ దగ్గర నలభై సార్లు చచ్చాను మామా" అనేవాడు, ఛాతీ విరుచుకుని.

"నలబైసార్లు సచ్చీసి అదేటో గొప్పలాగ సెప్పుకుంతన్నావు. మా వోల్లు ఒక్కసారి సచ్చినోల్లే, ఒక్కడూ వొచ్చి సెప్పుకోనేదు" అనేవాడు మామ.

సెల్వానికి బొమ్మ అందంగా ఉండాలి. గడ్డిపోచ గాలికి కదిలితే చాలు, వాడు ఆటకి దణ్ణం పెడతాడు. "గ్రాఫిక్స్ దేఖో మామా, ముఖం మీద చెమట కూడా కనబడుతోంది!" అంటే, "సెమట నా మొకం మీద బోలెడు ఉంది, సూసుకో" అనేవాడు.

ఆయన ఆటని తూచే రాళ్ళు వేరు. ఎవర్నీ చంపనప్పుడు వీరుడేం చేస్తాడు? అంగడివాణ్ణి రెండోసారి పలకరిస్తే మొదటిసారి చెప్పిన మాటే చెబుతాడా? చెబితే, "ఈడు మనిసి కాదురా, రికార్డు" అని లేచిపోయేవాడు. అన్నిటికన్నా పెద్ద రాయి సముద్రం. ఏ ఆట పెట్టినా, రాజుని ఎవరు చంపారో, రాకుమార్తె ఏ కోటలో ఉందో పట్టించుకోకుండా వీరుణ్ణి తిన్నగా నీళ్ళున్న వైపుకి నడిపించేవాడు. దారిలో రాక్షసులు వెంటపడితే పరిగెత్తేవాడు. ఒడ్డుకి చేరాక ఆగి, పది నిమిషాలు ఊరికే చూసేవాడు. చూసి, "ఇందల పోటు నేదు" అనేవాడు.

మొదట్లో నాకర్థం కాలేదు. కత్తి ఉంది, బల్లెం ఉంది, శూలం ఉంది, పోటు లేకపోవడం ఏమిటని వాదించాను. ఆయన నా వంక జాలిగా చూశాడు. "కత్తిపోటు కాదురా గుంటడా. సముద్రప్పోటు. నీలెక్కీది. నువ్వు జంగ్లీఘాట్లో పుట్టినావా, ఎడార్లో పుట్టినావా?"

బూడిద ఆటలో నీళ్ళు పొద్దున్నా సాయంత్రం ఒకే రాయి దగ్గర. గుర్రాల ఆట అని ఇంకోటి ఉండేది, అందులోనూ అంతే. ఎంత గొప్ప పేరున్న ఆటైనా నీళ్ళు మాత్రం పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉండేవి. అలలుండేవి, అలలకేం, అవి పైపై వేషం.

లాంతరు ఆటలో పోటు ఉంది. పటం దక్షిణం కొసలో, కథతో ఏ సంబంధమూ లేని చోట, పది గుడిసెల పల్లె ఒకటి. అక్కడికి వెళ్ళమని ఎవరూ చెప్పరు. వెళితే ఇచ్చే బహుమానమూ లేదు. ఆ ఒడ్డున నీళ్ళు ఎక్కుతాయి, దిగుతాయి. ఇసుకలో ఒరిగి ఉన్న పడవ నీళ్ళెక్కాక లేచి నిలబడుతుంది. అది చూసినరోజు ఆయన కుర్చీలోంచి లేచాడు. మూడు రోజులు వరసగా అక్కడే నిలబెట్టి చూశాడు. తర్వాత నెల రోజులు ఆటలో చంద్రుణ్ణి గమనించి, పున్నమికి నీళ్ళు రెండో గుడిసె దాకా వస్తున్నాయని తేల్చాడు.

"ఎవుడో ఒకడు, ఎక్కడో కూకోని, ఎవులూ అడక్కపోనా పోటు ఎట్టినాడ్రా" అన్నాడు. ఆయన గొంతు మారగా నేను విన్నది అప్పుడే.

సెల్వం ఆ సంగతిని ఇంగ్లీషులో రాసి, ప్రపంచంలోని ఆటగాళ్ళంతా నెట్లో తిట్టుకునే చోట పెట్టాడు. ఆ నాలుగు ముక్కలూ ఇక్కణ్ణించి వెళ్ళడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. ఒకే ఒక్క జవాబు వచ్చింది: 'అది సరే, డ్రాగన్‌ని ఎప్పుడు కొడతావు?'

డ్రాగన్‌ని ఆయన కొట్టలేదు. అదే చివరి పెద్ద తలకాయ. దాన్ని చంపితే ఆట అయిపోతుంది, లోకమంతా మాయమై మొదటి బొమ్మ వచ్చి నిలుస్తుంది. ఆయన రెండేళ్ళు ఆడి, బలమంతా కూడబెట్టి, ఆ పల్లెలో ఒక గుడిసె సంపాదించి, డ్రాగన్ గుహ వైపు తొంగి కూడా చూడలేదు. రోజూ వచ్చేవాడు. పోటు వేళకి పడవ తీసేవాడు, నాలుగు చేపలు పట్టేవాడు, దాపెట్టేవాడు, మూడింటి బస్సుకి వెళ్ళిపోయేవాడు. పొద్దున్నంతా అసలు సముద్రంలో చేసివచ్చిన పనే. ఇదేమిటి మామా అంటే, "ఇక్కడ డీజిలు అక్కర్నేదు" అనేవాడు.

అలాంటి రోజుల్లో గద్ద ఆట వచ్చింది.

రావడానికి రెండు నెలల ముందే మా దుకాణం రెండుగా చీలింది. వీరుడు గద్ద మీద ఎగురుతాడట, లోకం లాంతరు ఆటకి పదింతలట. సెల్వం నెట్లో వచ్చిన పొగడ్తలన్నీ కాగితం మీద దింపి గోడకి అంటించాడు. ఎగిరిపోయేవాడికి కష్టమేముంది, అది పిల్లకాయల ఆట అని బిశ్వాస్ ప్రచారం చేశాడు. ఆటో ఎక్కినవాళ్ళకి కూడా చెప్పాడని విన్నాను. తుష్నాబాద్ నుంచి రోజూ బస్సులో పనికి వచ్చేవాళ్ళు కూడా సాయంత్రం ఆగి, మాట సాయం చేసిపోయేవారు. ఒక్కరూ ఆట చూడలేదు.

ఓడ వచ్చింది, డిస్కు వచ్చింది. సెల్వం తన ఆఫీసులో పెద్ద తెర మీద గంటసేపు ఆడి వచ్చి, మామకి ఫోన్లో తీసిన వీడియో చూపించాడు. గద్ద సముద్రం మీద ఎగురుతోంది. మామ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చూశాడు.

"గెద్ద బావుంది. నీలు కూడా బావున్నాయి. పోటు నేదు" అన్నాడు.

"భయ్యా, ఈయనకి వేరే మాట రాదా?" అన్నాడు సెల్వం ఏడుపుగొంతుతో.

అసలు చిక్కు అది కాదు. పడుచు మెషీన్లో ఒక పెద్ద ఆటకే చోటుంది. గద్ద ఆట ఎక్కాలంటే లాంతరు ఆట దిగాలి. అది దిగితే దాంతోపాటు మామ దాపెట్టుకున్న రెండేళ్ళూ దిగిపోతాయి. గుడిసె, పడవ, అన్నీ. దుకాణానికి వచ్చేవాళ్ళంతా గద్ద కావాలని గోల. వద్దనేది ఒక్కడు. అడగాలంటే నాకు నోరు రాలేదు. చివరికి ఆయనే, "ఎక్కించరా. నా ఒక్కడి కోసం ఊరందరి నోరు కట్టీడవేటి?" అన్నాడు. బిశ్వాస్ ఒక ఉపాయం చెప్పాడు. మామ దాపెట్టినది మాత్రం విడిగా పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఉంచుదాం, ఎప్పుడైనా మళ్ళీ ఎక్కించుకోవచ్చు. పెన్‌డ్రైవ్ వాళ్ళ తమ్ముడి దగ్గరుంది, మర్నాడు తెస్తానన్నాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ మధ్యాహ్నం ఆయన పల్లెకి వెళ్ళి, పోటు చూసి, దాపెట్టి లేచాడు. నేను ఆ కుర్చీలో కూచున్నాను. లాంతరు ఆట ఎంత చోటు తింటోందో రేపటికి ముందుగా చూసి పెట్టుకుందామని తీసివేసే కిటికీ తెరిచాను. 'ఈ ఆటని, దాచినవాటితో సహా పూర్తిగా తీసివేయాలా?' అని అడుగుతోంది. నా వేలు ఎలుక మీద ఉంది. వెనక బల్ల మీద మామ, ఆయనకి అటూ ఇటూ సెల్వం, బిశ్వాస్. మూసేద్దామనే అనుకుంటున్నాను. ఆ క్షణంలో వెనకనుంచి ఆయన అన్నాడు.

"చాలు."

నా దుకాణంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మాట వందసార్లు వింటాను. "భయ్యా, మెషీన్ చాలూ కరో." "భయ్యా, రెండో నంబరు చాలూ." వింటే వేలు దానంతట అదే నొక్కేస్తుంది. ఆ రోజూ నొక్కేసింది.

రెండేళ్ళు ఇరవై సెకన్లలో పోయాయి. ఎక్కడం ఎంత ఆలస్యమో దిగడం అంత సులువు ఆ మెషీన్లో. ఒక నీలిగీత ఎడమనుంచి కుడికి పరిగెత్తింది, అంతే. ఏదో ఆపబోయి నేను తీగ పీకాను. తెర తీగ అది. తెర ఆరిపోయింది, ఆట పోవడం ఆగలేదు.

బిశ్వాసే మొదట అరిచాడు. "అరే పాగల్! మామ ఆపమన్నాడు! చాలు అన్నాడు, హిందీలో బస్ అన్నట్టు!"

"నేను చాలూ అనుకున్నాను..."

"మామ నోట్లో హిందీ ఎప్పుడైనా విన్నావా? నేను బెంగాలీని, నాకు తెలుసు!" అన్నాడు బిశ్వాస్.

"నేను తమిళుణ్ణి, నాకూ తెలుసు. తెలుగువాడివి నువ్వు కదా భయ్యా! నీ అమ్మ భాష కదా!" అన్నాడు సెల్వం.

టీ పోసేవాడికి తెలిసింది నాకు తెలియలేదు. లేచి నిలబడ్డాను గాని మామ వైపు తిరగలేకపోయాను. ఆయన ఆరిపోయిన తెరనే చూస్తున్నాడని వెనక్కి తిరగకుండానే తెలుస్తోంది. కొట్టినా బాగుండుననిపించింది. వాళ్ళిద్దరూ ఇంకా అరుస్తూనే ఉన్నారు, నా పుట్టుక మొదలుకుని నా బడి దాకా.

"ఎహె, ఆపండ్రా" అన్నాడాయన. "నాను హిందీలోనే అన్నాను."

ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. ప్రోతరాపూర్ బస్సులో కండక్టరు హిందీలో అడిగితే తెలుగులో టిక్కెట్టు కొనే మనిషి.

"హిందీలోనా?" అన్నాడు సెల్వం.

"ఏం? నాకు రాదా? చాలూ కరో అన్నాను. ఈడు సేసినాడు. ఈడి తప్పేటుంది? ఆ గెద్దనేదో ఎక్కించండి, సూద్దారి."

గద్ద ఎక్కడానికి రెండు గంటలు పట్టింది. ఆయన మూడింటి బస్సు వదులుకుని కూచున్నాడు. ఎక్కాక మొదటి వంతు ఆయనకే ఇచ్చాం. గద్ద మీద ఎగిరి, తిన్నగా సముద్రం దగ్గరికి పోయి, ఒడ్డున దించి, పది నిమిషాలు చూశాడు. ఎప్పటి మాట అంటాడో అని ముగ్గురం ఎదురుచూశాం. "గెద్ద బాగా సేసినార్రా" అని లేచి, టబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ఆ రాత్రి నాకు అన్నం దిగేదేమో.

నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు నేనే రేవుకి వెళ్ళి, వేలంపాట మధ్యలో ఆయన్ని పట్టుకుని, ముసలి మెషీన్లలో ఒకదాన్ని ఖాళీ చేసి లాంతరు ఆట మళ్ళీ ఎక్కించానని చెప్పాను. బొమ్మ మసగ్గా ఉంటుంది, ఆగి ఆగి నడుస్తుంది, కాని నడుస్తుంది.

"మొదట్నుంచీ ఎవుడాడతాడ్రా, ఈ వొయిసులో?" అన్నాడు.

"నేనాడతాను. మీరు కూచుని చెప్పండి."

ఆయన చేతిలో ఉన్న చేపని పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "తెలుగులో సెప్తాను మరి" అన్నాడు.

ఏడు నెలలు సాగింది ఆ శిక్ష. మధ్యాహ్నం భోజనాల వేళ నేను ముసలి మెషీన్ ముందు, ఆయన నా భుజం వెనక. "ఏటవాలుగా కొట్టు." ఏటవాలంటే? "ఒడుపుగా పట్టు." ఒడుపంటే? "కాసుకో!" అంటే నేను పందెం డబ్బులు కాసుకోమంటున్నాడనుకుని ఒకసారి తోడేలు నోట్లో పడ్డాను. "వొంగు" అంటే లేచాను, "ఓర్చుకో" అంటే తోసుకుపోయాను. నా వీరుడు రాక్షసుల చేతిలో కన్నా తెలుగు చేతిలో ఎక్కువసార్లు చచ్చాడు. బిశ్వాస్ లెక్క పెట్టి, నలభై దాటాక బూడిద ఆట భక్తసమాజంలోకి నన్ను ఆహ్వానించాడు. మా అమ్మ మాత్రం, "ఏంట్రా, ఈమధ్య హిందీ కలపకుండా తెలుగు మాటాడుతున్నావు, ఒంట్లో బాగుందా?" అని నుదురు పట్టుకుని చూసింది.

పల్లె చేరాం. గుడిసె సంపాదించాం. పడవ తీశాం. ఇక ఇక్కడ ఆగిపోదామా మామా అన్నాను, ఆయనకి కావలసింది అదే కదా అని.

"వొద్దు, డ్రేగన్ మీదికి పద" అన్నాడు.

"ఆట అయిపోతుంది మామా."

"అయిపోనీ. దాసుకుంటే ఏటయిందో సూసినావు గదా."

డ్రాగన్ దగ్గర పదకొండుసార్లు చచ్చి పన్నెండోసారి చంపాను. సెల్వం, బిశ్వాస్ కుర్చీలెక్కి అరిచారు. లోకం మెల్లగా నల్లబడి, తెర మీద పేర్లు రావడం మొదలెట్టాయి, ఆట తయారుచేసినవాళ్ళ పేర్లు. రెండేళ్ళు ఆడినా ముగించలేదు కాబట్టి ఆయనకి ఆ సంగతే తెలియదు. ఇంగ్లీషు చదవలేడు. "సదవరా" అన్నాడు. చదివాను. వందల పేర్లు, నోరు తిరగని దేశాల పేర్లు. సెల్వం, బిశ్వాస్ విసుగెత్తి బయటికి టీకి పోయారు. ఇందులో పోటు పెట్టినోడెవడని అడిగాడు. అలా రాయలేదు మామా, నీళ్ళూ చెట్లూ చేసినవాళ్ళని ఒక పది పేర్లున్నాయి అన్నాను. ఆ పదీ రెండుసార్లు చదివించుకుని, తెరకి ఒక దణ్ణం పెట్టాడు.

మేమిద్దరమే ఉన్నాం కదా అని, ఏడు నెలలుగా అడగాలనుకుంటున్నది అప్పుడు అడిగేశాను. "మామా, ఆ రోజు నిజంగా హిందీలోనే అన్నారా?"

"నాకేటి మతిపోనాదా?" అన్నాడు. "చాలు, ఇంక మూసీమనే అన్నాను. నువ్వు నొక్కీసినావు."

"మరి వాళ్ళతో అలా ఎందుకన్నారు?"

ఆయన నా వైపు తిరిగాడు. ఇంత చిన్న సంగతి కూడా విడమరిచి చెప్పాలా అన్నట్టు చూశాడు.

"మరేటి సెయ్యమంటావురా? ఒక అరవోడు, ఒక బెంగాలోడు, ఆలిద్దరి ముందల మా గుంటడికి తెలుగు రాదని ఒప్పుకోమంటావా?"